మీ ఆరోగ్య రికార్డు ఫోన్‌లో, తాళంచెవి మీ చేతిలో

ఆభా నంబరుతో మీకు కలిగే లాభం ఏమిటి? మీ జబ్బు వివరాలు ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు? లబ్ధిదారుల కోసం వివరణ

ఆసుపత్రి కాగితాలు ఎక్కడ పెట్టారని అడిగితే మనలో చాలామంది బీరువా మీదున్న ప్లాస్టిక్ కవరు చూపిస్తాం. పాత ఓపీ చీటీలు, రక్తపరీక్ష రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, మందుల చీటీలు అన్నీ అందులోనే కలిసిపోయి ఉంటాయి. కొన్ని తడిసి అంటుకుపోతాయి. ఈసీజీ తీసిన కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. తీరా పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు కావలసిన కాగితం ఒక్కటీ దొరకదు. అప్పుడు చేసిన పరీక్షే మళ్లీ చేయించుకోవాలి. డబ్బు పోతుంది, ఒక రోజు కూలీ పోతుంది, వైద్యం కూడా ఆలస్యమవుతుంది.

ఈ ఇబ్బంది తప్పించడానికే ఆభా నంబరు వచ్చింది. అయితే కాగితాలు ఫోన్‌లోకి వస్తున్నాయంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "నా జబ్బు సంగతి ఊరందరికీ తెలిసిపోతుందా?" ఇది న్యాయమైన ప్రశ్న. కార్డు తీసుకునే ముందు ప్రతి ఒక్కరూ అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు ఈ పేజీల్లో ఉంది. నిదానంగా చదవండి, ఇంట్లో చదవడం రానివారికి చదివి వినిపించండి.

ఆభా అంటే ఏమిటి?

ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. ఇది 14 అంకెల నంబరు. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఈ నంబరు ఇస్తారు. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీన్ని నడుపుతుంది. నంబరు తీసుకోవడానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు.

బ్యాంకు ఖాతాతో పోల్చి చూడండి. బ్యాంకు ఖాతాలో డబ్బు లెక్క ఉన్నట్టే ఆభా ఖాతాలో మీ ఆరోగ్యం లెక్క ఉంటుంది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మీ రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే చోట కుప్పగా పోసి ఉంచరు. ఏ ఆసుపత్రిలో రిపోర్టు తయారైందో ఆ ఆసుపత్రి కంప్యూటర్‌లోనే అది ఉంటుంది. ఏ రిపోర్టు ఎక్కడ ఉందో ఆభా నంబరు చూపిస్తుంది. మీరు సరే అంటేనే అది ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

ఇవి మూడూ వేరు వేరు, కలపకండి

చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

• ఆభా నంబరు: మీ రిపోర్టులను ఒక వరసలో ఉంచేది. దీనితో ఉచిత వైద్యం రాదు.
• ఆయుష్మాన్ కార్డు: అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే కేంద్ర పథకం కార్డు.
• ఎన్టీఆర్ వైద్య సేవ: ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన కుటుంబాలకు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స ఇచ్చే రాష్ట్ర పథకం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో నడుస్తోంది.

"ఆభా కార్డు ఉంది కదా, ఆపరేషన్ ఫ్రీగా చేస్తారు" అని ఎవరైనా అంటే నమ్మి ఆసుపత్రికి వెళ్లి ఇబ్బంది పడకండి. అలాగే ఆభా లేదని ఎన్టీఆర్ వైద్య సేవ అర్హత పోతుందన్న మాట కూడా నమ్మకండి.

రికార్డు ఉంటే మీకు ఏం లాభం?

ఒక ఉదాహరణ చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బు ఎక్కువ. అక్కడ ఏ ఇంట్లో అడిగినా క్రియాటినిన్ అనే మాట తెలుసు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది.

ఒకరికి ఈ రోజు క్రియాటినిన్ 1.8 వచ్చిందనుకోండి. ఆ ఒక్క అంకె చూసి డాక్టరు అంతా చెప్పలేరు. ఆరు నెలల క్రితం 1.7 ఉండి ఉంటే జబ్బు నిదానంగా కదులుతోందని అర్థం. అదే ఆరు నెలల క్రితం 1.1 ఉండి ఉంటే వేగంగా ముదురుతోందని అర్థం, వెంటనే కారణం వెతకాలి. రెండు సందర్భాల్లోనూ ఈ రోజు రిపోర్టు ఒకటే. పాత రిపోర్టు ఉంటేనే తేడా తెలుస్తుంది.

ఆ రోగి మొదట ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో చూపించుకుంటారు. తర్వాత పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రికి వెళ్తారు. ఇంకొకసారి విశాఖపట్నం కేజీహెచ్‌కి వెళ్తారు. కొందరు దగ్గరని ఒడిశాలోని బరంపురం కూడా వెళ్తారు. నాలుగు చోట్ల నాలుగు ఫైళ్లు. ఆ నాలుగు చోట్లా రికార్డు ఆభాకి లింకు అయితే ఏ డాక్టరైనా, మీ అనుమతితో, మొదటి నుంచి చివరి దాకా చూడగలరు.

ఇంకో లాభం కూడా ఉంది. ఒళ్లునొప్పులకు మామూలుగా ఇచ్చే కొన్ని మాత్రలు కిడ్నీ జబ్బు ఉన్నవారికి హాని చేస్తాయి. కొత్త డాక్టరు ముందు రికార్డు ఉంటే ఆ మాత్ర రాయరు. పెన్సిలిన్ ఇంజెక్షన్ పడనివారికి, షుగరు, బీపీ, థైరాయిడ్ మందులు వాడేవారికి, గర్భిణులకు కూడా ఇదే వర్తిస్తుంది. "ఆ తెల్ల మాత్ర అండీ, పొద్దున్న ఒకటి" అని చెబితే డాక్టరుకి అది ఏ మందో తెలియదు. రికార్డులో మందు పేరు, మోతాదు ఉంటాయి.

పని కోసం హైదరాబాదు, బెంగళూరు, చెన్నై వెళ్లేవారికి ఇది మరీ ఉపయోగం. కాగితాల కవరు ఇంటి దగ్గర ఉన్నా రికార్డు మీతోనే ఉంటుంది.

ఓపీ కౌంటరు దగ్గర

ఈ సదుపాయం ఉన్న ఆసుపత్రుల్లో కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. ఆభా యాప్‌తో స్కాన్ చేస్తే ఫోన్‌కి టోకెన్ నంబరు వస్తుంది. పేరు, వయసు, ఊరు మళ్లీ చెప్పి రాయించుకునే పని ఉండదు.

భయపడకండి. ఈ స్కాన్‌తో కౌంటరుకి వెళ్లేది మీ పేరు, పుట్టిన తేదీ, ఆడ/మగ, చిరునామా, ఫోన్, ఆభా నంబరు వంటి వివరాలు మాత్రమే. మీ పాత జబ్బులు, పాత రిపోర్టులు ఆ స్కాన్‌తో వెళ్లవు. వాటికి వేరే అనుమతి కావాలి.

అనుమతి ఎలా అడుగుతారు?

మీ పాత రికార్డు చూడాలని డాక్టరు అనుకుంటే ఆసుపత్రి నుంచి మీ ఆభా యాప్‌కి అభ్యర్థన వస్తుంది. అందులో నాలుగు విషయాలు ఉంటాయి. నాలుగూ చూశాకే సరే నొక్కండి.

1. ఎవరు అడుగుతున్నారు? మీరు ఈ రోజు వెళ్లిన ఆసుపత్రేనా?
2. ఎందుకు అడుగుతున్నారు? వైద్యం కోసమా, ఇంకేదైనా పనికా?
3. ఏవి అడుగుతున్నారు? మందుల చీటీలా, పరీక్ష రిపోర్టులా, డిశ్చార్జి కాగితాలా? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా?
4. ఎంతకాలం చూస్తారు? అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుంది?

అన్నీ ఇవ్వాల్సిన అవసరం లేదు. కంటి డాక్టరుకి మీ షుగరు రిపోర్టు కావాలి, పదేళ్ల కిందటి కాన్పు కాగితాలు అక్కర్లేదు. మీకు ఇష్టమైనవే ఎంచుకుని ఇవ్వొచ్చు. వద్దు అనొచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఒక సంగతి నిజంగా తెలుసుకోవాలి. అనుమతి వెనక్కి తీసుకుంటే అప్పటినుంచి కొత్తగా చూడటం ఆగుతుంది. అప్పటికే డాక్టరు చూసింది చూసినట్టే. అలాగే ఏ ఆసుపత్రిలో మీకు వైద్యం జరిగిందో ఆ ఆసుపత్రి తన రికార్డు తను ఉంచుకుంటుంది. అది ఆభా ఉన్నా, లేకున్నా జరిగేదే.

ఇంకొకటి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ చేయాలంటే ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి మీ రిపోర్టులను ట్రస్టుకి పంపుతుంది. అది వేరే దారి. ఆ చికిత్స ఖర్చు చెల్లించడానికి అవి కావాలి. ఏ కాగితాలు పంపారో వైద్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

జబ్బు వివరం బయటకు పొక్కడానికి పెద్ద హ్యాకర్లే అక్కర్లేదు. చాలాసార్లు మన చుట్టుపక్కలే జరిగిపోతుంది. టీబీ అని తెలిస్తే పనిలోకి రావొద్దంటారు. మానసిక వైద్యం తీసుకుంటున్నారని తెలిస్తే పెళ్లి సంబంధం చెడగొడతారు. గర్భం, గర్భస్రావం, హెచ్ఐవీ వివరాలు బయటపడితే కొందరికి ఇంట్లోనే నిలువ నీడ ఉండదు. అందుకే ఈ కింది విషయాల్లో గట్టిగా ఉండండి.

ఫోన్ నంబరు ఎవరిది? ఆభా తీసుకునేటప్పుడు మీ సొంత నంబరే ఇవ్వండి. పక్కింటివాళ్ల నంబరో, కార్డు చేసిపెట్టే అబ్బాయి నంబరో ఇస్తే ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. అంటే తాళంచెవి వాళ్లకు ఇచ్చినట్టే. ఇంట్లో అందరికీ ఒకే ఫోన్ ఉంటే ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించి నిర్ణయించుకోండి. నంబరు మారిస్తే ఆభాలో కూడా మార్చండి. వదిలేసిన సిమ్ నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇస్తారు.

ఓటీపీ ఎవరికీ ఫోన్‌లో చెప్పొద్దు. "వైద్య సేవ నుంచి మాట్లాడుతున్నాం, మీకు డబ్బు వాపసు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా అంటే అది మోసం. ఫోన్ పెట్టేయండి. ఆశా కార్యకర్తో ఏఎన్ఎమ్మో మీ ముందు కూర్చుని ఆభా చేస్తున్నప్పుడు ఓటీపీ అడిగితే, ముందు మెసేజ్‌లో ఏం రాసుందో చదివించుకోండి. అది ఆభా కోసం వచ్చిందేనా, ఇంకేదైనానా అని చూసుకోండి.

నెట్ సెంటర్, జిరాక్స్ షాపు. రిపోర్టు ప్రింటు తీయించడానికి వాట్సాప్‌లో పంపుతాం. ప్రింటు వచ్చాక ఆ ఫైలు షాపు కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. "బాబూ, నా ఫైలు తీసెయ్" అని అడగండి. మీ ముందే తీసేయించండి. అక్కడ మీ ఆభా తెరిస్తే లాగౌట్ చేసి రండి.

వాట్సాప్ గ్రూపులు. సహాయం కోసమో, సలహా కోసమో రిపోర్టు ఫొటో గ్రూపులో పెడితే పేరు, వయసు, జబ్బు, ఆసుపత్రి నంబరు అన్నీ అందరికీ చేరతాయి. ఒకసారి వెళ్లాక వెనక్కి రాదు. తప్పనిసరైతే పేరు, నంబరు కనిపించకుండా కప్పి పంపండి.

ఫోన్‌కి లాక్. ఫోన్ రిపేరుకి ఇచ్చేముందు ఆభా యాప్ నుంచి బయటకు రండి. పిన్ నంబరుగా పుట్టిన సంవత్సరం పెట్టకండి.

వైద్యశిబిరంలో. మీ జబ్బు పేరు అందరి ముందు గట్టిగా చదువుతుంటే "కాస్త మెల్లగా చెప్పండమ్మా" అనండి. మీ ఫొటో, రిపోర్టు ఫొటో తీస్తుంటే ఎందుకని అడగండి. అడగడం అమర్యాద కాదు.

చట్టం ఏం చెబుతోంది?

• వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది.
• 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, ఆ వ్యక్తి అనుమతి లేకుండా అతని హెచ్ఐవీ వివరం బయటపెట్టకూడదు.
• 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యం తీసుకునేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతుంది.
• 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మీ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, తప్పు ఉంటే సరిదిద్దాలి, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే వీలు ఉండాలి అని అందులో ఉంది. ఇది దశలవారీగా అమల్లోకి వస్తోంది.
• ఆసుపత్రిలో చేరి వైద్యం తీసుకున్నవారు తమ రికార్డు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల్లో ఉంది. ఆ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి కూడా. కాబట్టి డిశ్చార్జి అయ్యాక కాగితాలు పోయినా, ఆ గడువు లోపల దరఖాస్తు రాసి ఇచ్చి అడగండి.

రికార్డులో తప్పు ఉంటే?

కాగితం మీద తప్పు ఒక్కచోట ఉంటుంది. కంప్యూటర్‌లో తప్పు అన్నిచోట్లకీ వెళ్తుంది. అందుకే కొత్త రిపోర్టు లింకు అయినప్పుడల్లా ఒకసారి తెరిచి చూడండి. పేరు, వయసు మీవేనా? బ్లడ్ గ్రూపు సరిగ్గా ఉందా? మీరు చేయించుకోని పరీక్ష ఏదైనా మీ పేరు మీద ఉందా? ఒకే పేరున్నవాళ్లు ఊళ్లో నలుగురు ఉంటారు, ఒకరి రిపోర్టు ఇంకొకరికి చేరే ప్రమాదం ఉంటుంది. తప్పు కనిపిస్తే ఆ రిపోర్టు ఇచ్చిన ఆసుపత్రికే వెళ్లి సరిచేయించండి. అంతదాకా డాక్టరుకి ఆ సంగతి నోటితో చెప్పండి.

పాత కాగితాలు పారేయాలా?

వద్దు. ఇంకా అన్ని ఆసుపత్రులూ, అన్ని ల్యాబులూ ఇందులో చేరలేదు. పైగా కంప్యూటర్లు ఆగిపోయే రోజులూ ఉంటాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, కొన్ని రోజులపాటు ఓపీ పనులు చేత్తో రాసి నడపాల్సి వచ్చింది. అంత పెద్ద ఆసుపత్రికే ఆ పరిస్థితి వచ్చినప్పుడు మన జాగ్రత్తలో మనం ఉండాలి. డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాలు, స్కానింగ్ ఫిల్ములు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ తేదీల వరసలో దాచండి. ఈసీజీ కాగితానికి ఇప్పుడే జిరాక్స్ తీయించండి, అది వెలిసిపోదు.

ఆభా ఎలా తీసుకోవాలి?

1. ఆభా యాప్‌లోగానీ ఆభా వెబ్‌సైట్‌లోగానీ మీరే చేసుకోవచ్చు. ఆధార్ నంబరు ఇస్తే ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది.
2. ఫోన్ లేకపోయినా, ఆధార్‌కి నంబరు లింకు లేకపోయినా ఆధార్ తీసుకుని దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి అడగండి. వేలిముద్రతో చేసే వీలు కూడా ఉంది.
3. టిక్కు పెట్టే ముందు అనుమతి పత్రంలో ఏముందో చదవండి, రాకపోతే చదివించుకోండి.
4. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఆభా నంబరు చెప్పి, ఆ రోజు రికార్డు లింకు చేయమని అడగండి. నంబరు తీసుకుని ఊరుకుంటే రికార్డు దానంతటదే చేరదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఆభా లేకపోతే వైద్యం చేయరా?
చేస్తారు. ఆభా మీ ఇష్టం. అది లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించకూడదు.

ఒకసారి తీసుకున్నాక వద్దనుకుంటే?
కొంతకాలం ఆపి ఉంచవచ్చు, లేదా పూర్తిగా తొలగించుకోవచ్చు. రెండింటికీ యాప్‌లో వీలుంది.

మా ఇంట్లోవాళ్లు నా రికార్డు చూడగలరా?
మీ ఫోన్, మీ పిన్ వాళ్ల దగ్గర ఉంటే చూడగలరు. లేకపోతే చూడలేరు. భార్యాభర్తలైనా, పెద్దపిల్లలైనా ఎవరి ఆభా వారిదే.

నాకు ఫోన్ వాడటం రాదు, ఎవరి సాయం తీసుకోవాలి?
మీరు నమ్మే ఒక్క మనిషిని ఎంచుకోండి. ప్రతిసారీ మీరు పక్కనే ఉండండి. ఏం నొక్కుతున్నారో అడుగుతూ ఉండండి.

సాయం కోసం

• ఆభా సందేహాలు: 1800-11-4477 లేదా 14477, ఉచితం
• ఎన్టీఆర్ వైద్య సేవ: 104
• ఆయుష్మాన్ కార్డు: 14555
• ఓటీపీ మోసం జరిగి డబ్బు పోతే వెంటనే: 1930

మీ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, సచివాలయం సిబ్బందిని కూడా అడగొచ్చు. ఆభా చేసినందుకు ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. మీ ఆభాకి ఏ ఫోన్ నంబరు ఇచ్చారో చూసుకోండి. అది మీది కాకపోతే ముందు దాన్ని మార్పించండి. మిగతావన్నీ ఆ తర్వాతే.